ఓటు లేని వాటా

మా మేనల్లుడికి అమెరికాలో ప్రజావిధానశాస్త్రం చదవడానికి సీటొచ్చింది. చదువయ్యాక ముందు ఏదైనా దాతృత్వసంస్థలోను, ఆ తరవాత సముదాయ ఆర్థికరంగంలోను పనిచేయాలని వాడి సంకల్పం. సీటు కోసం రాసిన వ్యాసాన్ని నాకు పంపించి, "మామయ్యా, మన ఊరి సంగతులు ఏమైనా తప్పు రాశానేమో ఒకసారి చూడు" అన్నాడు.

సంగతులు తప్పు లేదు. ఎ.కొండూరు మైలవరానికీ తిరువూరుకీ మధ్య జాతీయ రహదారి మీద ఉంది. చుట్టూ మామిడితోటలు, పత్తి, మిరప, లంబాడీ తండాలు. 2022 దాకా కృష్ణా జిల్లా, ఆ తరవాత ఎన్టీఆర్ జిల్లా. తండాల్లో ఏళ్ళ తరబడి మూత్రపిండాల జబ్బు. అన్నీ సరిగ్గానే రాశాడు. కాని ఊరు మొదటి పేరాలో కనిపించి రెండో పేరాకల్లా మాయమైంది. అక్కణ్ణుంచి రెండు పుటల నిండా "నేను". నేను చలించాను, నేను ప్రతిన పూనాను, నేను మార్పు తెస్తాను.

నాకు కోపమొచ్చింది. వాడి మీద కాదు. వాడు ఆ అచ్చుని ఎక్కడో చూసి దిద్దుకున్నాడు. ఆ అచ్చు నాకు బాగా తెలుసు. నేను కూడా నాలుగేళ్ళు దాంతో ఇటుకలు కోశాను. అందుకని వాడికి రాయవలసిన జవాబుని ఇలా అందరి ముందూ పెడుతున్నాను.

నా వాదన ఒక్కటే. పేదల పేరు మీద పోగైన సొమ్ములో పేదలకి ఓటు లేకపోతే అది సముదాయ ఆర్థికం అనిపించుకోదు. దాన్ని నడిపేవాడు ఎంత చదివినవాడైనా, ఎంత దయగలవాడైనా సరే. వాడి దయ వాడి పదవి ఉన్నన్నాళ్ళే ఉంటుంది. సభ్యురాలి ఓటు ఆ తరవాత కూడా ఉంటుంది.

*

ఈ తరహా జీవితచరిత్రలకి మన తెలుగువాళ్ళలోనే ఒక పెద్ద ఉదాహరణ ఉంది. విక్రమ్ ఆకుల తెలుగు కుటుంబంలోంచి వచ్చి, న్యూయార్క్ రాష్ట్రంలోని షెనెక్టడీలో పెరిగాడు. టఫ్ట్స్‌లో, యేల్‌లో చదివాడు. మెదక్ జిల్లాలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి పనిచేశాడు. చికాగో విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రంలో డాక్టరేటు తీసుకున్నాడు. మా ఊరికి కూడా రమ్మని అడగడానికొచ్చిన ఒక పేదరాలికి, డబ్బులేక కాదని చెప్పవలసి వచ్చిందని, ఆ బాధలోంచే తన సంస్థ పుట్టిందని ఆయన చాలాచోట్ల చెప్పుకున్నాడు. ఆ బాధని నేను శంకించడంలేదు.

1990ల చివర నారాయణఖేడ్ ప్రాంతంలో, విరాళాల సొమ్ముతో స్వయం కృషి సంఘం మొదలైంది. అదే ఎస్.కె.ఎస్. పద్ధతి బంగ్లాదేశ్ గ్రామీణ బ్యాంకుది. ఐదుగురు ఆడవాళ్ళు ఒక జట్టు. వారం వారం పొద్దున్నే సమావేశం, వారం వారం కిస్తీ. ఒకరు కట్టలేకపోతే మిగతా నలుగురూ కట్టాలి.

2005 తరవాత అదే పని లాభాపేక్ష గల కంపెనీ చేతిలోకి వెళ్ళింది. 2006లో టైమ్ పత్రిక ఆకులని ప్రపంచంలోని నూరుమంది ప్రభావశీలురలో ఒకడిగా చేర్చింది. 2010 జూలై నెలాఖరులో కంపెనీ వాటాలు ప్రజలకి అమ్మకానికి వచ్చాయి. ఒక్కో వాటా 985 రూపాయలు. సుమారు 1,650 కోట్లు పోగయ్యాయి. అమ్మకానికి పెట్టినదానికి పదమూడు రెట్లు గిరాకీ. ఆ ఏడాదే, దీనికి కొన్ని నెలల ముందు, వ్యవస్థాపకుడు తన వాటాల్లో కొంత అమ్ముకున్నాడు.

ఈ కథలో అందరూ గమనించేది ఆ అంకెల్ని. నేను గమనించమనేది మధ్యలో ఉన్న చిన్న మెలికని. విరాళాల సొమ్ము కంపెనీలోకి ఎలా వెళ్ళింది? రుణగ్రహీతల పేరు మీద ఐదు ట్రస్టులు పెట్టి, ఆ ట్రస్టుల ద్వారా వెళ్ళింది. మొదట్లో కంపెనీలో పెద్ద వాటా వాటిదే. వెంచర్ పెట్టుబడులు వస్తున్న కొద్దీ ఆ వాటా కరుగుతూ వచ్చింది. కాగితం మీద చూస్తే పేద స్త్రీలే యజమానులు. కాని ట్రస్టు అనే పదార్థం లక్షణమే వేరు. అందులో లబ్ధి పొందేవారు ఒకరు, నిర్ణయించేవారు మరొకరు. కంపెనీని అమ్మకానికి పెట్టాలా వద్దా, వడ్డీ ఎంతుండాలి, కట్టలేనివాళ్ళ ఇంటికి ఎవరు వెళ్ళాలి అన్న ప్రశ్నల మీద నారాయణఖేడ్‌లో ఏ స్త్రీనీ చెయ్యెత్తమని అడగలేదు. ఆమెకి ఉన్నది ఓటు లేని వాటా.

2010 సెప్టెంబరులో న్యూయార్క్‌లో, క్లింటన్ గ్లోబల్ ఇనీషియేటివ్ వేదిక మీద మహమ్మద్ యూనుస్, ఆకుల ఎదురెదురుగా వాదించుకున్నారు. పేదల నుంచి వాటాదారులకి లాభం పిండకూడదని ఒకరు, మార్కెట్టు సొమ్ము లేకపోతే కోట్లమందికి అప్పు ఎక్కణ్ణుంచి వస్తుందని రెండోవారు. ఇద్దరివీ గట్టి వాదనలే. కాని "ఆ అప్పు తీసుకునేదాన్ని నేను, నన్నడగండి" అనగలిగినవాళ్ళు ఆ వేదిక మీద లేరు. నెల తిరగకుండా, అక్టోబరు 15న, రాష్ట్ర ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్ళు కుప్పకూలాయి. 2011 నవంబరులో ఆకుల సంస్థని వదిలేశాడు. రెండేళ్ళలోపే ఆ 985 రూపాయల వాటా నూరు కిందికి దిగింది. 2016లో కంపెనీ పేరు మారింది, 2019లో ఇండస్‌ఇండ్ బ్యాంకులో కలిసిపోయింది. స్వయం కృషి అన్న పేరు కూడా మిగల్లేదు.

*

వడ్డీ గురించి ఒక్క లెక్క చెప్పి ముందుకు వెళతాను. మా వైపు వడ్డీని నూటికి నెలకి ఇన్ని రూపాయలని చెబుతారు. నూటికి రెండు అంటే ఏడాదికి 24 శాతం. పావలా అంటే 3 శాతం. ఏ ముసలమ్మనడిగినా నోటిలెక్క వేసి చెబుతుంది. సూక్ష్మరుణ సంస్థలు వచ్చి "15 శాతం" అన్నాయి. మా వాళ్ళు రూపాయి పావలా అనుకున్నారు. పదివేలు తీసుకుంటే వారానికి 230 చొప్పున యాభై వారాలు, మొత్తం 11,500. అప్పు వారం వారం తరిగిపోతున్నా వడ్డీ మాత్రం మొదటి పదివేల మీదే వేశారు. తరుగుతున్న అసలు మీద లెక్కవేస్తే అది ఏడాదికి సుమారు 29 శాతం. అంటే నూటికి దాదాపు రెండున్నర. ఊళ్ళో వడ్డీవ్యాపారి తన రేటు తానే చెప్పేవాడు. ఇక్కడ రేటు తెలుసుకోవడానికి డిగ్రీ కావలసి వచ్చింది.

2006 మార్చిలో కృష్ణా జిల్లా యంత్రాంగం యాభై దాకా సూక్ష్మరుణ శాఖల్ని మూయించింది. హెచ్చు వడ్డీ, వసూళ్ళలో దౌర్జన్యం, ఆత్మహత్యల ఆరోపణలు కారణాలు. సంస్థలు నియమావళి రాసుకున్నాయి, రాజీ కుదిరింది, తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. నాలుగేళ్ళ తరవాత రాష్ట్రమంతా బద్దలైనదానికి మా జిల్లా ముందే ఒక హెచ్చరిక ఇచ్చింది. దాన్ని విధాననిపుణులు "నియంత్రణ లోపం" అని రాసుకుని పక్కన పెట్టారు.

*

ఇహపోతే నా సంగతి. అదే 2006లో విజయవాడలో ఒక స్వచ్ఛందసంస్థలో చేరాను. పేరు ఇక్కడ అనవసరం. విరాళాలు తెచ్చి ఆడవాళ్ళ జట్లకి అప్పులిచ్చే సంస్థ. ప్రభుత్వపాలనలో ఎం.ఏ. ఉంది, ఇంగ్లీషు నదురుగా రాస్తాను, కనుక దాతలకి నివేదికలు పంపే పని నాకిచ్చారు. మూణ్ణెల్లకి పది "విజయగాథలు" రాయాలి. రుణపత్రంలో "ప్రయోజనం" అని ఒక గడి ఉండేది. గేదె, కుట్టుమిషను, కిరాణాకొట్టు. దాతలకి నచ్చే సమాధానాలు ఈ మూడే.

మా ఊరి పక్క తండాలో ఒకావిడ ఉంది. చిన్నప్పట్నుంచి ఎరుగుదును, అక్కా అని పిలుస్తాను. 2009లో ఆమె భర్తకి కాళ్ళూ మొహమూ వాచాయి. విజయవాడ తీసుకువెళితే మూత్రపిండాలు పాడయ్యాయన్నారు. ఆరోగ్యశ్రీ 2007లోనే వచ్చింది, చికిత్సకి దారి దొరికింది. కాని బస్సు చార్జీలు, అక్కడ తిండి, పోయిన కూలిరోజులు, బయట కొనవలసిన మందులు, వీటికి ఏ పథకమూ లేదు. ఆమె మా సంస్థలో పన్నెండువేలు తీసుకుంది. గడిలో "గేదె" అని రాశారు. ఆ గాథ రాసినవాణ్ణి నేనే. ఫోటో కోసం ఆమెని పక్కింటి గేదె దగ్గర నిలబెట్టాను.

"తమ్ముడూ, ఇది నాది కాదని తండా అంతా తెలుసు గదా" అంది.

"ఫోటో చూసేవాళ్ళకి తెలీదులే అక్కా" అన్నాను.

ఈ మాట నేనన్నదే. ఎవరి మీదికీ నెట్టను.

వానలకి కూలిపనులు పడిపోయినప్పుడు ఆమె కిస్తీ ఆగింది. జట్టులో మిగతా నలుగురూ ఆరువారాలు తలా కొంత వేసి కట్టారు. ఏడోవారం వాళ్ళ దగ్గరా లేవు. సంస్థ మనిషి సమావేశం ముగించనివ్వలేదు. ఆ నలుగురూ వెళ్ళి ఆమె గుమ్మంలో కూర్చున్నారు. పెళ్ళిళ్ళకీ పురుళ్ళకీ ఒకరికొకరు నిలబడిన మనుషులు. ఆమె వెండి కడియాలు తిరువూరులో తాకట్టు పెట్టి కట్టింది. ఆ నెల నివేదికలో "తిరిగి చెల్లింపు 99 శాతం" అని నేనే రాశాను. అబద్ధమేమీ కాదు. ఆ తొంభైతొమ్మిదిలో ఆ కడియాలు కూడా ఉన్నాయి.

అదే నెలలో తండా ఆడవాళ్ళు తమలో తాము వేసుకునే చీటీ ఒకటుంది. నెలకి వంద రూపాయల చీటీ. ఆ నెల పాట పెట్టకుండా, తరుగు లేకుండా, మొత్తం ఆమెకే వదిలేశారు. ఎవరూ నివేదిక రాయలేదు, ఫోటో తియ్యలేదు. గుమ్మంలో కూర్చున్న నలుగురిలో ముగ్గురు ఆ చీటీలో కూడా ఉన్నారు. మనుషులు వాళ్ళే. ఒకచోట నిర్ణయం వాళ్ళ చేతిలో ఉంది, రెండోచోట హామీ మాత్రమే వాళ్ళ నెత్తి మీద ఉంది. మా సంస్థలో కూడా వాళ్ళకొక సభ ఉండి, "జబ్బు చేసిన ఇంటికి మూణ్ణెల్లు కిస్తీ ఆపుదాం" అని తీర్మానం పెట్టే హక్కుంటే ఆ నలుగురూ చెయ్యెత్తేవారని నా నమ్మకం. తెలుగులో పరపతి అన్న మాటకి అప్పు అనీ, పలుకుబడి అనీ రెండర్థాలున్నాయి. మేమిచ్చింది మొదటిది. రెండోది మా దగ్గరే ఉంచుకున్నాం, మా జీవితచరిత్రల్లో రాసుకోవడానికి.

*

దీని మీద రాగల అభ్యంతరాలు నాకు తెలుసు. గతంలో నేను చెప్పినవే.

1. "మేము రాకముందు వాళ్ళు వడ్డీవ్యాపారి కాళ్ళ మీద పడేవారు కదా." నిజం. 2010 ఆర్డినెన్సు తరవాత సంస్థలు పోయినచోట చాలామంది మళ్ళీ ఆ గుమ్మమే ఎక్కారు. మెతకగా నడిచే సంస్థలు కూడా దెబ్బతిన్నాయి. 1996లో విజయ్ మహాజన్ హైదరాబాదు కేంద్రంగా మొదలుపెట్టిన బేసిక్స్ వాటిలో ఒకటి. కాబట్టి అప్పు అక్కర్లేదని నేననను. వడ్డీవ్యాపారికంటే మేలు అన్నది ఒక కనీసార్హత. దాన్ని సేవ అని పిలుచుకోవడానికి అది చాలదు.

2. "వడ్డీ తగ్గిస్తే సరిపోతుంది కదా." మాలెగాం సంఘం 2011 జనవరిలో అదే చెప్పింది, 24 శాతం పరిమితి సూచించింది. 2022లో రిజర్వు బ్యాంకు ఆ తరహా పరిమితుల్ని ఎత్తేసింది కూడా. నా దృష్టిలో అసలు ప్రశ్న రేటు కాదు. డ్వాక్రా సంఘాల్లో ఆడవాళ్ళు తమ పొదుపులోంచి తమకే నూటికి రెండు వడ్డీకి ఇచ్చుకున్న రోజులున్నాయి. ఎవరూ ఉరిపోసుకోలేదు. ఆ వడ్డీ తిరిగి వాళ్ళ పెట్టెలోకే వచ్చింది, ఎంతుండాలో వాళ్ళే అనుకున్నారు. వడ్డీ ఎంత అన్నదానికన్నా, ఎవరు నిర్ణయించారు, ఎవరి పెట్టెలోకి వెళ్ళింది అన్నవి ముందు అడగాలి.

3. "ప్రభుత్వం చేసిందేమిటి? అది కూడా ఓట్ల కోసమే కదా." అవును, అదీ నిజమే. 2000లో పేదరిక నిర్మూలన సంస్థ పెట్టి, వెలుగు, ఇందిరా క్రాంతి పథం పేర్లతో సంఘాల్ని సమాఖ్యలుగా కూర్చింది ప్రభుత్వమే. పావలా వడ్డీ ఇచ్చిందీ, 2011లో స్త్రీనిధి పెట్టిందీ ప్రభుత్వమే. ఆ సమాఖ్యలనే మంత్రుల సభలకి జనాన్ని తోలే యంత్రాలుగా వాడుకున్నదీ అదే. ప్రైవేటు సంస్థల మీద అంత కఠినంగా ఆర్డినెన్సు తెచ్చినప్పుడు, తన సంఘాలకి పోటీ తగ్గుతుందన్న ఆలోచన ఏలినవారికి లేదని నేను ప్రమాణం చెయ్యలేను. సభ్యురాలి నోరు నొక్కడంలో దాతకీ ప్రభుత్వానికీ మధ్య తేడా నాకు కనిపించలేదు.

*

మరి విధానశాస్త్రం చదివినవాడు చెయ్యగలిగే పనేమీ లేదా? ఉంది. తెలుగునాట అది జరిగింది కూడా. కాని దానికి టైమ్ పత్రికలో చోటు రాలేదు.

కరీంనగర్ జిల్లా ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి ఒక సహకార సంఘం మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి నేర్చుకున్న కొందరు, కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ పేరుతో, ఓరుగల్లు, కరీంనగర్ పల్లెల్లో పొదుపు సంఘాలు కట్టించారు. ముందు పొదుపు, తరవాత అప్పు. సొమ్ము సభ్యులది, పాలకవర్గాన్ని ఎన్నుకునేది సభ్యులు. అంతటితో ఆగక, ఏళ్ళ తరబడి వాదించి, శాసనసభ చేత 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం చేయించారు. ప్రభుత్వం వాటాధనం పెట్టకూడదు, కనుక పెత్తనం చెయ్యకూడదు అన్నది దాని సారం. తరవాతి రోజుల్లో పాల సహకార సంఘాల్ని పాత 1964 చట్టం కిందికి మళ్ళీ లాక్కోవాలని ప్రభుత్వం ప్రయత్నించిందంటే, ఆ చట్టం ఎవరిని ఎక్కడ కుట్టిందో అర్థమవుతుంది.

విధాననిపుణుడి పనంటే నాకు తెలిసి అదీ. తనకి పదవి మిగలని, తన పేరు అక్కర్లేని, తాను వెళ్ళిపోయాక కూడా పల్లెలో మనిషి వాడుకోగలిగే ఒక హక్కుని చట్టంలో రాయించి పక్కకి తప్పుకోవడం.

సహకారం సర్వరోగనివారిణి అని చెప్పి ఎవరినీ మోసం చెయ్యను. 2001లో హైదరాబాదులో కృషి సహకార బ్యాంకు దివాలా ఎత్తి వేలమంది డిపాజిట్లు చిక్కుకున్నాయి. పల్లెల్లో ఎన్నో సంఘాల్ని పెత్తందారులు మింగేశారు. ఓటున్నంతమాత్రాన దొంగతనం ఆగదు. కాని దొంగని దించడానికి ఒక తేదీ ఉంటుంది, ఒక మహాసభ ఉంటుంది. దాత బోర్డుకి తండా నుంచి ఎవరు నోటీసివ్వగలరు?

కొత్తగా కనిపెట్టవలసింది కూడా లేదు. మా పాత కృష్ణా జిల్లాలోనే, మచిలీపట్నంలో, 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు పెట్టారు. మన డబ్బు మీద మన మాట చెల్లాలనే పట్టుదల మనకి అప్పుడే ఉంది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసినప్పుడు తెలుగువాళ్ళు చాలామంది బాధపడ్డారు. ఆ బాధ నాకర్థమైంది. తమది అనుకున్నదాని గురించి తమనెవరూ అడగలేదన్న బాధ అది. తండాలో ఆడమనిషికి అదే బాధ ప్రతివారం ఉంటుందని గుర్తుపెట్టుకుంటే చాలు.

*

మేనల్లుడికి ఇలా రాశాను.

నువ్వు చదువుకోరా, తప్పకుండా చదువుకో. కాని వ్యాసంలో మూడో పేరా కొట్టెయ్. వెళ్ళేముందు మూణ్ణెల్లు తీరిక ఉందన్నావు. తండాలో పొదుపు సంఘానికి లెక్కల పుస్తకం రాసే మనిషి లేడు. వెళ్ళి రాయి. పొదుపెంత, అప్పెంత, వడ్డీ ఎవరి పెట్టెలోకి వెళుతోంది, తీర్మానం ఎవరు ప్రతిపాదించారు, ఎవరు కాదన్నారు. అన్నీ తెలుగులో రాయి, చదివి వినిపించు, తప్పు రాస్తే వాళ్ళు దిద్దుతారు. "ప్రయోజనం" అన్న గడిలో ఆస్పత్రి అంటే ఆస్పత్రి అనే రాయి. రేపు నువ్వే ఒక పెద్ద సంస్థలో కూర్చుని సొమ్ము పంచేటప్పుడు, ఈ సొమ్ము మీద అక్కడివాళ్ళకి ఓటుందా అని మొట్టమొదట అడుగు. లేదంటే సంతకం పెట్టకు.

వాడింకా జవాబివ్వలేదు. అక్కని కిందటి వేసవిలో కలిశాను. భర్త ఆ జబ్బుతోనే 2011లో పోయాడు. ఆ ఫోటో సంగతి ఎత్తి, తప్పు చేశానన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "ఆ గేదె చాలా పాలిచ్చేది తమ్ముడూ" అంది.